ఎడమ అంచున ఏడు అక్షరాలు

పోయిన ఎండాకాలం అండాలమ్మ ఫోన్ చేసింది. "రేణుకా, రోడ్డు పెద్దగ జేస్తున్నరు బిడ్డా. మన వరండ పోతాంది. అటుక మీద సార్ కాయితాలున్నయి. చెదలు పట్టకముందే వచ్చి తీస్కపో. అండ్ల నాకేం సమజైతది" అంది. యాదగిరి సార్ హైస్కూల్లో నాకు తెలుగు చెప్పిన మాస్టారు. అండాలమ్మ ఆయన భార్య. సార్ పోయి ఎనిమిదేళ్లు దాటింది. ఇన్నేళ్లలో కేతేపల్లి మీదుగా బస్సులో ఎన్నిసార్లు పోయి ఉంటానో లెక్కలేదు గాని, దిగి ఆ ఇంటికి పోయింది మాత్రం రెండుసార్లే. ఎప్పుడో ఓసారి ఫోన్‌లో పలకరిస్తే సరిపోతుందనుకునే మనుషుల్లో నేనూ ఎప్పుడో కలిసిపోయాను. అందుకే ఆమె పిలవగానే సంతోషం కంటే ముందు సిగ్గేసింది. మర్నాడే బయల్దేరాను.

వరండా గోడ మీద రోడ్డువాళ్లు ఎర్రరంగుతో గీత గీసి పోయారు. ఆ గీతకు ఇవతల ఉన్నదంతా రోడ్డుకు పోతుంది. అంటే సార్ పడక్కుర్చీ ఉండే చోటు, నేను కూర్చునే మెట్టు, అండాలమ్మ చాట పట్టుకుని కూర్చునే స్తంభం, అన్నీ. నా బతుకులో నేను నేర్చుకున్న చదువులో సగం ఆ నాలుగు గజాల జాగాలోనే నేర్చుకున్నాను. మిగతా సగం కాలేజీలో నేర్చుకున్నాననుకునేదాన్ని. ఇప్పుడు చూస్తే అందులో చాలావరకు మర్చిపోయాను.

మాది కేతేపల్లికి ఆనుకుని ఉన్న చిన్న పల్లె. బాపుకు గొర్లుండేవి. నేను నల్లగొండలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదివేదాన్ని. శనివారం సాయంత్రం ఇంటికొచ్చి, ఆదివారం పొద్దున్నే మందతో పాటు బాపు వెనకే నడిచి, కాలువ దగ్గర ఆయన అటు, నేను ఇటు విడిపోయి సార్ ఇంటికి పోయేదాన్ని. నా బట్టలకు గొర్ల వాసన ఉండేది. హాస్టల్లో ఆ వాసన పోవడానికి రెండుసార్లు సబ్బు పెట్టేదాన్ని గాని, సార్ ఇంట్లో ఆ బెంగ ఉండేది కాదు, ఆ ఇల్లు కూడా ఒకప్పుడు గొర్ల ఇల్లే. నేను పోయేసరికి అండాలమ్మ బయటి పొయ్యి మీద జొన్నరొట్టెలు కొడుతూ ఉండేది. సార్ కుర్చీలో కూర్చుని బ్లేడుతో పెన్సిలు చెక్కుతూ ఉండేవాడు. ఒకటి చాలదు, మూడు పెన్సిళ్లు. చెక్కిన పొట్టంతా ఒక రేకు డబ్బా మూతలో పడాలి, కింద పడితే అండాలమ్మ ఊరుకోదు. కాలిన రొట్టె, పెన్సిలు పొట్టు, పక్కనే చింతకాయ తొక్కు, ఈ మూడు వాసనలు కలిస్తే నాకు ఆదివారం. ఇప్పుడు మా ఇంట్లో పెన్సిళ్లు లేవు. రొట్టెలు బయటినుంచి తెప్పించుకుంటున్నాం.

ఆ పొద్దున అక్కడ జరిగే పనల్లా గడినుడి. పేపర్ ఆదివారం పేజీలో వచ్చే గళ్ల పజిలు. ఒక్కో గడిలో ఒక్కో అక్షరం పట్టే, అడ్డం నిలువు పదాలల్లిన చిన్న చదరం. నల్లగొండ నుంచి వెలువడే ఒక చిన్న పత్రికకు సార్ దాన్ని వారం వారం కట్టి పంపేవాడు. అది అచ్చయి వచ్చాక, తాను కట్టినదాన్నే మళ్లీ మాతో నింపించేవాడు. మామూలు గడినుడిలో "సూర్యుడు" అంటే "రవి" అని రాస్తే అయిపోతుంది. సార్‌ది అట్లా ఉండదు. ఆధారం ఒకవైపు చూపిస్తుంది, జవాబు ఇంకోవైపు నక్కి కూర్చుంటుంది. "పడక తిరగేస్తే ఊరొచ్చింది" అని ఒకసారి ఇచ్చాడు, మూడక్షరాలు. నేను అరగంట తల గోక్కున్నాను. అండాలమ్మ రొట్టె తిప్పుతూనే, "పడక తిరగేస్తే నల్లులొస్తయి గాని ఊర్లొస్తయా" అంది. సార్ నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. నిజంగానే ప, డ, క అని రాసి వెనకనుంచి చదివితే కడప. అది చెప్పాక అండాలమ్మ, "గీ పనికి పెద్ద చదువులెందుకయ్యా" అని లోపలికి పోయింది గాని, మరుసటి వారం గడి నింపేటప్పుడు మొదటి జవాబు ఆమే చెప్పింది. ఆమెకు చదవడం రాదు. సార్ ఆధారం చదివి వినిపిస్తే ఇంటి మాటలన్నీ ఆమె నోట్లోంచే వచ్చేవి. సార్ కట్టిన గళ్లలో మంచి మాటలు సగం ఆమె పొయ్యి దగ్గర ఏరుకున్నవేనని నాకు తర్వాత అర్థమైంది.

గళ్లన్నీ నిండితే పని అయిపోయినట్టు కాదు. సార్ గడినుడి కట్టే తీరులో అసలు సంగతి ఆ తర్వాతే ఉండేది. నిండిన గళ్లలో ఎక్కడో ఒకచోట ఒక మాట దాచేవాడు. ఒకసారి ఎడమ అంచున పైనుంచి కిందికి, ఇంకోసారి మూల నుంచి మూలకు. ఎక్కడ దాచాడో చెప్పడు, దాచానని కూడా చెప్పడు. వెతుక్కోవాలి. దొరికినవాళ్లు కూడా నోరు విప్పకూడదు. చాయ్ తాగాక గ్లాసు బోర్లించి పెడితే చాలు, చదివారని సార్‌కు తెలిసిపోతుంది. నేను డిగ్రీ రెండో సంవత్సరం పాసైన వారం మూల నుంచి మూలకు "బిడ్డ పాసయింది" అని ఉంది. పత్రిక అంతా, జిల్లా అంతా చదివే పేజీలో, ఎవరికీ తెలియకుండా, నా గురించి. ఆ రోజు చాయ్ ఒక్క గుక్కలో తాగేసి గ్లాసు బోర్లించాను. సార్ ఏమీ ఎరగనట్టు పెన్సిలు చెక్కుతూనే ఉన్నాడు.

"ఎందుకు సార్ దాచుడు? చెప్తే అయిపోదా?" అని ఒకసారి అడిగాను.

"చెప్తే విన్నోళ్లందరిదైతది. దాస్తే ఎతికినోళ్లదే అయితది" అన్నాడు.

ఈ దాచే అలవాటు సార్ ఒక్కడిది కాదు. టీచర్ ట్రైనింగ్‌లో ఉన్నప్పుడు ఆయనా, బాలస్వామి అనే స్నేహితుడూ కలిసి మొదలుపెట్టారు. బాలస్వామి సార్‌ది కొల్లాపూర్, డ్రాయింగ్ మాస్టారు. చాలా ఏళ్లు ఆయన గళ్లు గీసి నల్లగళ్లు ఎక్కడ రావాలో పెట్టి పంపితే, యాదగిరి సార్ అందులో మాటలు కూర్చి ఆధారాలు రాసేవాడు. ఆ నల్లగళ్లు ఊరికే పెట్టేవి కావు, ఒక వారం దూరం నుంచి చూస్తే నాగలి కనిపించేది, ఒక వారం పక్షి కనిపించేది. ఇద్దరి పేర్లూ కలిపి అచ్చయ్యేవి. అదంతా నేను చూడలేదు, విన్నాను. నేను చూసింది అది తెగిపోయిన రోజు.

సార్ రిటైరైనప్పుడు బడిలో భోజనాలు పెట్టారు. నేను పాత విద్యార్థిగా నీళ్లు పోస్తున్నాను. పంక్తిలో సార్ పక్కన బాలస్వామి సార్ కూర్చున్నాడు. ఎవరో కొత్త మాస్టారు, "మీ గడినుడిలో ఎవరి పని ఎంత సార్?" అని అడిగాడు. సార్ ఆ రోజు ఊపుమీదున్నాడు, మెడలో దండ, చుట్టూ జనం. "ఏమున్నది, బాలస్వామి నాలుగు గీతలు గీస్తడు, మిగతాదంత నేనే" అన్నాడు. పంక్తిలో అందరూ నవ్వారు. బాలస్వామి సార్ కలిపిన ముద్ద అట్లాగే విస్తట్లో పెట్టి, నా చేతిలోంచి చెంబు తీసుకుని చేయి కడుక్కుని, గేటు దాటిపోయాడు. వాళ్ల నాయిన భూమి లేని కూలి. అందరితో పాటు పంక్తిలో కూర్చుని తినడం ఆ తరానికి దొరకని మర్యాద. అట్లాంటి మనిషి విస్తరి ముందునుంచి లేచాడంటే అది ఎంత దెబ్బో అప్పుడు నాకు తెలియదు గాని, సార్ మొహం చూస్తే ఆయనకు తెలిసిందని తెలిసింది. దండ తీసి కుర్చీ మీద పెట్టాడు, మళ్లీ వేసుకోలేదు.

మా దిక్కు అన్నం ముందునుంచి లేచిపోయిన మనిషిని, మాట అన్నవాడే పిలవాలి. పెద్దమనుషులు చెప్తే రారు, చుట్టాలు తీసుకొస్తే రారు. మాట జారిన నోరే "రా" అనాలి. ఆ ఒక్క మాట సార్ అనలేకపోయాడు. రెండేళ్లు గడిచాయి. అండాలమ్మ పోరుపెట్టేది. "ఒక్క ఫోన్ జేస్తే నీ సొమ్మేం బోతది? గా మనిషి ఈ ఇంట్ల ఎన్ని రొట్టెలు తిన్నడు" అనేది. సార్ మాట దాటేసేవాడు. అంత తెలుగు వచ్చిన మనిషికి ఒక్క అక్షరం నోటికి రాకపోవడం ఏమిటా అని నాకు కోపంగా ఉండేది. ఇప్పుడు ఉండదు.

తెలంగాణ వచ్చిన కొత్తలో నా డిగ్రీ అయిపోయింది. సార్ మాట సాయంతో అదే పత్రికలో, ఆదివారం పేజీ పనిలో చేరాను. గడినుడి జవాబులతో వచ్చే పోస్టుకార్డులు విప్పి చూడటం నా పనుల్లో ఒకటి. మొదటి వారమే ఒక కార్డు చూసి ఆగిపోయాను. గళ్లు స్కేలుతో గీసినట్టు కాదు, అచ్చు వేసినట్టున్నాయి. కింద "బాలస్వామి, కొల్లాపూర్" అని ఉంది. ఇంకో మాట లేదు. ప్రతి వారం వచ్చేది. ఆదివారం పోయి సార్‌కు చెబితే, "అన్ని కరెక్టేనా?" అని అడిగేవాడు. "అన్నీ కరెక్టే సార్" అంటే తల ఊపేవాడు. మాట్లాడుకోని ఆ ఇద్దరి మధ్య అదొక్కటే రాకపోక. దాన్ని మోసుకొచ్చే మనిషిని నేను, కొంచెం గర్వంగా కూడా ఉండేది.

అప్పటికే సార్‌కు షుగర్ వల్ల చూపు పోతూ ఉంది. ఒక కన్ను ఆపరేషన్ తర్వాత కూడా రాలేదు, రెండోదానికి పేపర్ అక్షరాలు ఆనవు. అండాలమ్మ పాత క్యాలెండర్ వెనక వైపు తెల్లగా ఉండే అట్ట మీద పెద్ద పెద్ద గళ్లు గీసి ఇచ్చేది, సార్ లావు స్కెచ్ పెన్నుతో అందులో రాసేవాడు. అచ్చయి వచ్చిన పేజీని ఆదివారం నేను చదివి వినిపించేదాన్ని.

ఒక శుక్రవారం ఆ క్యాలెండర్ అట్ట ఒకటి బస్సు కండక్టర్ చేత ఆఫీసుకు పంపాడు. పైన "మా ఇంటి మాటలు" అని ఉంది. గడులన్నీ అండాలమ్మ మాటలే. కోలాటం, పందిరి, చారెడు, లుకలుక. ఆ కింద "ఉన్నదాంట్ల ఇల్లు నడిపే తెలివి" అంటే ఇగురం. "ఎడ్లున్నా పొలానికి పోదు, పెండ్లికి పోతది" అంటే కచ్చురం, వెనకట పెళ్లిళ్లకు కట్టిన గూడుబండి. చివరి వరుసలో "బస్సు దిగినంక మా ఇంటికి ఇదే" అంటే రాస్తా. పేజీ ఇంచార్జి చూసి, "చివరి మూడు మాటలు నిఘంటువులో ఉన్నాయా రేణుకా? జవాబు తప్పని ఎవరైనా ఉత్తరం రాస్తే మనం ఏం చూపిస్తాం? సార్‌ని అడిగి మార్చు" అన్నాడు. ఆయన తప్పు ఇందులో ఏమీ లేదు. సార్‌ని అడుగు అన్నాడు, అంతే.

నేను అడగలేదు. ఫోన్ చేస్తే సార్ గంటసేపు వాదిస్తాడనుకున్నాను, పేజీ సాయంత్రానికి వెళ్లిపోవాలి. ఇది పైకి చెప్పుకునే కారణం. లోపలిది ఇంకొకటి. హాస్టల్లో ఒకసారి నేను "ఇగురం" అంటే పక్క మంచం పిల్లలు వారం రోజులు అదే మాట అనుకుంటూ నవ్వారు. ఆ మాటలు మా అవ్వ నోట్లో ఎంత బాగుండేవో, పేపర్ మీద చూస్తే నాకు అంత ఇరుకుగా అనిపించింది. పైగా, నేను కూడా గడి కట్టగలనని ఎవరికైనా చూపించాలని కోరిక. గంటలో ఇగురం తీసి వివేకం పెట్టాను, కచ్చురం తీసి శకటం పెట్టాను, రాస్తా తీసి బాట పెట్టాను. వాటికి తగినట్టు నిలువు పదాలు సర్ది, కొత్త ఆధారాలు రాశాను. అన్నీ సరిగ్గా అమిరాయి. నన్ను చూసుకుని నేనే మురిసిపోయాను. సార్ ప్రతి గడినుడిలో ఒక మాట దాస్తాడని తెలిసిన మనిషిని నేను. ఆ గంటలో ఒక్కసారి కూడా ఎడమ అంచు వైపు చూడలేదు.

ఆదివారం క్యాలెండర్ అట్టా, పేపరూ రెండూ సంచిలో పెట్టుకుని కేతేపల్లి పోయాను. సార్ ఆ రోజు గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని కూర్చున్నాడు. నాకు అది వింతగా కూడా తోచలేదు.

"అచ్చయిందా బిడ్డా?"

"అయింది సార్."

"ఉన్నదున్నట్టే వేసిండ్రా?"

నిజం చెప్పడానికి నోరు తెరిచాను. అండాలమ్మ చాయ్ గ్లాసు అందించింది. సార్ చూపు లేని కన్ను కూడా నా వైపే ఉంది. "ఉన్నదున్నట్టే సార్" అన్నాను. ఆ తర్వాత పేపర్ మడిచి ఒళ్లో పెట్టుకుని, దాని మీద అట్ట పరచి, సార్ రాసిన ఆధారాలే పేపర్లో ఉన్నట్టు చదివి వినిపించాను. ఇగురం దగ్గర అండాలమ్మ, "గది నా మాటనే" అని నవ్వింది. అంతా అయ్యాక సార్, "చూసినవా?" అని అడిగాడు. దాచిన మాట గురించి అడుగుతున్నాడని తెలుసు. చూడలేదంటే పేపర్ మళ్లీ తీయాలి, మళ్లీ చదవాలి. ఇక వద్దనిపించి, చాయ్ తాగేసి గ్లాసు బోర్లించాను. స్టీలు గ్లాసు, బండ మీద చప్పుడైంది. ఆ చప్పుడుకు సార్ మొహం విప్పారింది. "ఇంక ఆయన ఇష్టం" అన్నాడు. ఎవరని నేను అడగలేదు. అట్ట అక్కడే చాప కింద పెట్టేసి ఇంటికి పోయాను.

ఆ తర్వాత సార్ గడినుడి పంపలేదు. కళ్లు సహకరించడం లేదనుకున్నాం. పేజీ ఖాళీగా ఉంచలేం కాబట్టి నేనే కట్టడం మొదలుపెట్టాను, పైన పేరు మాత్రం సార్‌దే ఉంచాం. నా గళ్లు చక్కగా ఉండేవి, నిఘంటువు మాటలే ఉండేవి, వాటిలో ఏమీ దాగి ఉండేది కాదు. నేను పోయిన ప్రతి ఆదివారం సార్ ఒకటే అడిగేవాడు. "కొల్లాపూర్ కార్డు వచ్చిందా?" వచ్చింది సార్. "ఏమన్నా రాసిండా?" జవాబులే సార్. ఆయన కుర్చీని రోడ్డు వైపు తిప్పి వేయించుకున్నాడు. బస్సు ఆగిన చప్పుడైతే తల ఎత్తేవాడు. నాలుగైదు వారాలకు కార్డులు రావడం కూడా ఆగిపోయింది. నేను హైదరాబాద్‌లో పెద్ద పత్రికకు మారిపోయాను. ఇంకో రెండు వానాకాలాలకు సార్ పోయాడు.

పోయిన ఎండాకాలం అటక మీది మూట విప్పి, అండాలమ్మా నేనూ ఎర్రగీత పక్కన కూర్చుని కాగితాలు వేరు చేస్తున్నాం. క్యాలెండర్ అట్ట బయటపడింది. ఆమె దాన్ని చదవలేదు గాని గుర్తుపట్టింది, గీసింది తనే కదా. చేత్తో తుడుస్తూ, "గిది బాలస్వామిని పిలిచిన కాయితం" అంది.

"పిలిచినదేందమ్మా?"

"నీకెర్కలేదా? అండ్లనే పిలిచిండు గద, రమ్మని. నోటితోటి అననీకి రాలే, గందుకని గిట్ల రాసిండు. గా మనిషి రాలే. 'పిలిచినా రాలేదు అండాలూ' అని పోయెదాంక అన్నడు. నువ్వు సుత చూసినవ్ గద బిడ్డా. గ్లాసు బోర్లిస్తివి."

ఆ అట్ట మీద, ఏడు అడ్డం వరుసలకు ఏడు మొదటి అక్షరాలు, ఎడమ అంచున ఒకదాని కింద ఒకటి. కో, పం, చా, లు, ఇ, క, రా. స్కెచ్ పెన్ను రంగు వెలిసింది గాని సార్ అక్షరాలు చిన్నపిల్లల అక్షరాలంత పెద్దగా ఉన్నాయి. వేలు పెట్టి కిందికి దించుకుంటూ చదివాను. కోపం చాలు, ఇక రా. అందులో చివరి మూడు అక్షరాలు, నేను తీసేసిన మూడు మాటల మొదటి అక్షరాలు. అండాలమ్మ నా మొహం చూసి ఎండ తగిలిందనుకుని నీళ్లు తెచ్చింది. ఆ నీళ్లు తాగాను. చెప్పాల్సింది అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు.

అట్ట మడవకుండా చాపలో చుట్టుకుని కొల్లాపూర్ పోయాను. బాలస్వామి సార్ ఉన్నాడు. డెబ్భై దాటాడు, చేయి వణుకుతుంది, చూపు మాత్రం శుభ్రంగా ఉంది. ముందుగదిలో గడ్డి పరిచి మామిడికాయలు మాగేశారు, ఇల్లంతా ఆ వాసన. నేనెవరో చెప్పుకోగానే, "నీళ్ల చెంబు పట్టుకున్న పిల్లవు నువ్వే గద" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. కోడలితో చాయ్ పెట్టించాడు. నేను వచ్చిన పని చెప్పకముందే లోపలినుంచి ఒక ఫైలు తెచ్చాడు. ఆ పాత ఆదివారం పేజీలన్నీ కత్తిరించి, అంటించి, వరసగా ఉన్నాయి. నేను మార్చిన పేజీ దగ్గర ఆగి, వణికే వేలితో ఎడమ అంచు చూపించాడు.

"కోపం చాలన్నడు యాదగిరన్న. గంతవరకు సమజైంది. కింది మూడు ఎంత కలిపినా కలువలే. కోపం చాలు అనుడేందమ్మా, కోపం నాదైనట్టు. మాటన్నది ఆయన, చాలనేది ఆయన. రమ్మనలే గద. వచ్చేవారం అంటడేమో అని చూసిన. వచ్చే వారం నుంచి ఉత్త గళ్లే. ఎడమంచు చూసిన, మూలలు చూసిన, ఏం లేకుండె."

"ఆ గళ్లు నేను కట్టినవి సార్" అన్నాను. ఆ తర్వాత మిగతాదంతా చెప్పాను. ఆ మూడు మాటలు మార్చింది నేనని, ఉన్నదున్నట్టే వచ్చిందని సార్‌తో అబద్ధం ఆడింది నేనని, గ్లాసు బోర్లించింది నేనని. ఆయన నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. గడ్డి మీది మామిడికాయ ఒకటి తిప్పి పెట్టి, "నేను ఒకపారి వచ్చిన" అన్నాడు. "సూర్యాపేటల పెండ్లి ఉండె. బస్సు కేతేపల్లిల ఆగింది. కండక్టర్ దిగేటోళ్లు దిగుండ్రని మొత్తుకుంటనే ఉండె. గా కిటికీలకెల్లి యాదగిరన్న వరండ కనపడ్డది, ఆయన కుర్చీల కూసున్నడు, రోడ్డు దిక్కే చూస్తున్నడు. పిలువంది ఎట్ల దిగాలె అని కూసున్న. ఆయన నన్ను చూసి సుత పిలువలే."

సార్‌కు కనిపించి ఉండదు. చూపు లేదని బాలస్వామి సార్‌కు అప్పటికి తెలియదు. కనిపించీ పిలవలేదనే అనుకున్నాడు ఇన్నేళ్లూ.

ఈ మధ్య నన్ను సభలకు పిలుస్తున్నారు. మన యాస, మన మాట అని మాట్లాడమంటారు. ఇగురం, కచ్చురం అంటే ముందువరసలో చప్పట్లు కొడతారు. గడినుళ్లు ఇప్పుడు ఫోన్‌లో వస్తాయి. తెలియకపోతే ఒక చోట నొక్కితే జవాబు దానంతటదే పడుతుంది. వారమంతా ఒక మాట కోసం ఎవరూ ఎదురుచూడరు, నేనూ చూడను. అట్లాంటి సభల్లో అండాలమ్మ మాటలు చెప్పి చప్పట్లు తీసుకున్న ప్రతిసారీ, అవే మాటల్ని భయపడి పీకేసిన చేయి ఇదేనని ఎవరికీ తెలియకపోవడం నాకు హాయిగానే ఉండేది. ఇప్పుడు అట్లా లేదు.

కొల్లాపూర్‌లో ఆ రోజు నేను చాప విప్పి క్యాలెండర్ అట్ట బాలస్వామి సార్ ముందు పరిచాను. ఎడమ అంచు చూపించబోతే, అరచేత్తో అక్షరాలన్నీ మూసేశాడు. "ఆగు. చూపెట్టకు. ఆధారాలు చదువు" అన్నాడు. మనవడి నోటుబుక్కు చింపి, స్కేలు లేకుండా, వణికే చేత్తో గళ్లు గీశాడు. గీత వంకరపోలేదు. నేను ఒక్కొక్కటే చదివాను. కోలాటం వెంటనే చెప్పాడు. చారెడు దగ్గర కొంచెం ఆగాడు. ఇగురం రాగానే, "అండాలక్క మాట" అని రాసుకున్నాడు. కచ్చురం రాస్తూ, తన పెళ్లికి కొల్లాపూర్‌లో యాదగిరి సారే కచ్చురం మాట్లాడి తెచ్చాడని చెప్పాడు. చివరిది మిగిలింది. బస్సు దిగినంక మా ఇంటికి ఇదే, రెండక్షరాలు.

ఆయన జవాబు వెంటనే పట్టేశాడు. పెన్సిలు గడి మీదికి పోయింది, అక్కడే ఆగింది. ముందు రెండో గడిలో "స్తా" రాశాడు. మొదటి గడి తెల్లగానే వదిలేసి పెన్సిలు కింద పెట్టాడు.

"గిది నింపితే నేను పోవాలె బిడ్డా. పిలిచిండు గద. ఏడికని పోను, చెప్పు?"

నా దగ్గర జవాబుంది. అండాలమ్మ ఉంది సార్, వరండా పోయినా ఇల్లు ఉంది, మీరొస్తే ఆమె రొట్టె కొడుతుంది. కానీ ఆయన ఆ గడప తొక్కితే మొదట వచ్చే మాట, పిలిచినా ఎందుకు రాలేదయ్యా అనేదే. ఆ మాట ఆయన పడకుండా ఉండాలంటే ముందు నేను పోయి, గ్లాసు ఊరికే బోర్లించానని ఆమెతో చెప్పుకోవాలి. చెప్పి వచ్చి మిమ్మల్ని తీసుకుపోతానని బాలస్వామి సార్‌కు మాటిచ్చి వచ్చాను. మామిళ్లు అయిపోయాయి, వానలు కూడా వెనకబట్టాయి, అండాలమ్మ రెండుసార్లు ఫోన్ చేసింది. నేనింకా పోలేదు.